గిరగిరా తిప్పితే... నురగ నురగ కాఫీ!

కాఫీ పొడి, పంచదార, వేడినీళ్లు... మూడే మూడు వస్తువులు. 2020 వేసవిలో ప్రపంచం ప్రపంచమంతా ఇళ్లలో కూర్చుని గిలకొట్టిన ‘డాల్గొనా’ కాఫీ కథ ఇది. నెట్‌లో చూసినదాన్ని మొట్టమొదటిసారి మన వంటింట్లో చేసి చూడాలనుకునేవాళ్లకి ఇందులో బోలెడు పాఠాలున్నాయి.

2020 మార్చి 24. రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో కనిపించారు. ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజులపాటు ఎవరూ గడప దాటొద్దన్నారు. బడుల్లేవు. ఆఫీసుల్లేవు. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. పాలవాడు గేటు బయటే ప్యాకెట్ పెట్టి వెళ్లిపోతున్నాడు. టీవీ పెడితే చాలు, ఎక్కడ ఎన్ని కేసులు, ఎందరు పోయారు... ఇవే లెక్కలు. సరిగ్గా అలాంటి సమయంలో సెల్‌ఫోన్లలో ఓ ఫొటో తిరగడం మొదలుపెట్టింది. గాజు గ్లాసులో అడుగున తెల్లటి చల్లటి పాలు. దానిమీద బంగారు గోధుమ రంగులో మబ్బుతునకలాంటి నురగ. పేరు డాల్గొనా కాఫీ. ‘ఇంట్లోనే చేసుకోవచ్చు, మూడే వస్తువులు చాలు’ అని కింద ఓ మాట.

ఇంకేముంది! అంతకుముందెప్పుడూ వంటింటి వైపు తొంగిచూడని కాలేజీ కుర్రాళ్లు కూడా గిన్నె, చెంచా పట్టుకున్నారు. ఎక్కడ చూసినా టకటకమని చెంచాల చప్పుడే. ఆ ఏడాది చివర్లో గూగుల్ ఓ జాబితా విడుదల చేసింది. ‘ఎలా చేయాలి’ అంటూ మనదేశంలో జనం ఎక్కువగా వెతికినవేమిటో అందులో ఉన్నాయి. మొదటిది పనీర్ తయారీ. రెండోది రోగనిరోధకశక్తి పెంచుకోవడం. మూడోది... డాల్గొనా కాఫీ! పాన్‌కార్డుని ఆధార్‌తో జోడించడం, ఇంట్లో శానిటైజర్ తయారుచేసుకోవడం లాంటివన్నీ దాని తరవాతే. భయమూ కాలక్షేపమూ పక్కపక్కనే కూర్చున్న ఏడాది అది.

మకావ్‌లో పుట్టి... కొరియాలో పెరిగి...

చాలామంది దీన్ని కొరియా కాఫీ అనుకుంటారు. కానీ ఈ సందడికి మూలం మకావ్‌లో ఉంది. అక్కడి కొలోన్ ప్రాంతంలో, ఒకప్పుడు పడవలు తయారైన చోటుకి దగ్గర్లో, రేకుల కప్పు వేసిన ఓ చిన్న కాఫీ హోటల్. దాని యజమాని లియోంగ్ కామ్ హోన్ అంతకుముందు పడవలు కట్టే పనివాడు. పనిలో ప్రమాదం జరిగి చేతికి దెబ్బ తగలడంతో ఆ వృత్తి మానేసి హోటల్ పెట్టుకున్నాడు. యంత్రంతో పనిలేకుండా ఇన్‌స్టంట్ కాఫీని చేత్తో గిలకొట్టి ఇవ్వడం ఆ హోటల్ ప్రత్యేకత. ఒక్కో కప్పుకీ 400 సార్లు తిప్పుతాడట! చెయ్యి దెబ్బతిని వృత్తి వదులుకున్న మనిషి చేతి చలవతోనే పేరు తెచ్చుకోవడం విశేషమే. ‘క్రౌచింగ్ టైగర్ హిడెన్ డ్రాగన్’ సినిమాతో మనవాళ్లకీ తెలిసిన హాంకాంగ్ నటుడు చౌ యున్ ఫాట్ అక్కడికి వచ్చి ఈ కాఫీ తాగి వెళ్లాక ఆ హోటల్‌కి గిరాకీ పెరిగింది.

2020 జనవరిలో దక్షిణ కొరియా టీవీ ఛానల్ కేబీఎస్‌లో ఓ వంటల కార్యక్రమం ప్రసారమైంది. అందులో నటుడు జంగ్ ఇల్ వూ ఆ హోటల్‌కి వెళ్లి కాఫీ రుచి చూశాడు. చిన్నప్పుడు బడి దగ్గర కొనుక్కుని తిన్న డాల్గొనా మిఠాయి గుర్తొస్తోందన్నాడు. డాల్గొనా అంటే మరేం కాదు, పంచదారను గరిటెలో కరిగించి చిటికెడు వంటసోడా వేస్తే పొంగి గట్టిపడే పెళుసు మిఠాయి. మనకి పీచుమిఠాయి, జీళ్లు ఎలాగో కొరియా పిల్లలకి అది అలాగ. ‘తియ్యగా ఉందే’ అన్న మాటలోంచే ఆ పేరు పుట్టిందంటారు. అలా కాఫీకి మిఠాయి పేరు అతుక్కుపోయింది. నిజానికి కాఫీలో ఆ మిఠాయి వీసమెత్తు కూడా ఉండదు. రంగొక్కటే పోలిక!

ఆ తరవాత కొద్దివారాలకే కరోనా వచ్చి పడింది. కొరియాలో జనం బయటికి వెళ్లడం తగ్గించి ఇళ్లకే పరిమితమయ్యారు. 400 సార్లు తిప్పాలన్న మాట మామూలు రోజుల్లో అయితే ఎవరినైనా భయపెట్టేదే. అప్పుడు మాత్రం అదే ఆకర్షణ అయింది. కావాల్సినంత తీరిక, ఖాళీగా ఉన్న చేతులు. యూట్యూబ్, టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్... అన్నిట్లోనూ అదే వీడియో. మార్చి చివరికల్లా అది మన ఇళ్లకీ వచ్చేసింది. మనదగ్గర ఆ వీడియోలు తెగ తిరిగిన టిక్‌టాక్‌ని 2020 జూన్ 29న కేంద్రం నిషేధించింది. అప్పటికే నురగ చేయడం అందరికీ వచ్చేసింది.

మనకి కొత్తేం కాదు

ఢిల్లీలోనో పంజాబ్‌లోనో పెరిగినవాళ్లు ఈ ఫొటో చూసి ‘ఓస్, ఇంతేనా’ అన్నారు. అక్కడ ‘ఫేంటీ హుయీ కాఫీ’ అని దశాబ్దాలుగా ఉన్నదే. అంటే గిలకొట్టిన కాఫీ. కప్పులో కాఫీ పొడి, పంచదార వేసి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, తెల్లబడేదాకా చెంచాతో కొట్టి, మరిగే పాలు పోస్తే పైకి నురగ తేలుతుంది. చుట్టాలొస్తే చేసే మర్యాద కాఫీ అది. మన దగ్గరా డికాషన్‌కి వీల్లేని హాస్టల్ గదుల్లో కుర్రాళ్లు ఈ పద్ధతిలోనే కాఫీ కలుపుకునేవారు.

మరి డాల్గొనాలో తేడా ఏమిటి? కిందది పైకి వచ్చిందంతే! మన పద్ధతిలో నురగ కింద, వేడిపాలు పైన. డాల్గొనాలో చల్లటి పాలు కింద, నురగ పైన. రుచిలో పెద్ద తేడా లేకపోయినా కళ్లకి మాత్రం బోలెడు తేడా. ఫొటోలో రెండు రంగులూ విడివిడిగా కనిపించాలి కదా!

గ్రీసుదేశానికీ ఇలాంటి కథే ఉంది. 1957లో థెస్సలొనీకి నగరంలో అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన జరుగుతోంది. ఓ కాఫీ కంపెనీ ఉద్యోగి డిమిత్రిస్ వకొండియోస్‌కి కాఫీ తాగాలనిపించింది. వేడినీళ్లు దొరకలేదు. ఇన్‌స్టంట్ కాఫీని చన్నీళ్లతో కలిపి మూతపెట్టి గట్టిగా ఊపాడు. బుసబుసా నురగ వచ్చింది. అదే ఇవాళ గ్రీకులు గర్వంగా చెప్పుకునే ‘ఫ్రాపే’.

నురగ వెనక సైన్సు

నీళ్లను ఎంత గిలకొట్టినా నురగ నిలవదు. బుడగలు వచ్చినట్టే వచ్చి మాయమైపోతాయి. కాఫీకి ఆ గుణం ఎక్కణ్నుంచి వచ్చింది?

ఇన్‌స్టంట్ కాఫీ అంటే, వేయించిన గింజల నుంచి పెద్దఎత్తున డికాషన్ తీసి, అందులోని నీటిని ఆవిరి చేయగా మిగిలిన సారం. అందులో కొన్ని మాంసకృత్తులు, పిండిపదార్థాల జాతికి చెందిన పెద్ద అణువులు ఉంటాయి. చెంచాతో కొడుతున్నప్పుడు ద్రవంలోకి గాలి చొరబడుతుంది. ఈ అణువులు ఒక్కో గాలిబుడగ చుట్టూ పొరలా అల్లుకుని అది పగిలిపోకుండా కాపాడతాయి. కొట్టేకొద్దీ పెద్ద బుడగలు చీలి చిన్నవవుతాయి. కంటికి కనిపించనంత చిన్న బుడగలు లక్షలకొద్దీ చేరేసరికి వాటిమీద పడిన వెలుతురు చెల్లాచెదురవుతుంది. అందుకే తారులా నల్లగా ఉన్న ముద్ద కాస్తా చూస్తుండగానే గోధుమరంగుకి తిరుగుతుంది.

ఇక పంచదార పని తీపి ఒక్కటే కాదు. అది ద్రవాన్ని చిక్కగా, జిగురుగా చేస్తుంది. బుడగల మధ్యనున్న తడి కిందికి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. పంచదార లేకుండా కొట్టినా నురగ వస్తుంది కానీ, బుడగలు పెద్దవిగా ఉండి తొందరగా చప్పబడిపోతాయి.

అన్నట్టు, ఫిల్టర్ కాఫీ పొడితో ఇది కుదరదు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు పండించే ఆ గింజల పరిమళం సంగతి చెప్పక్కర్లేదు. అయినా సరే, ఆ పొడిని పంచదారతో కలిపి గంటసేపు కొట్టినా మిగిలేది ఇసుకలాంటి ముద్దే. గింజపొడి నీళ్లలో కరగదు. పైగా అందులోని నూనెలు బుడగల్ని నిలవనివ్వవు. ఫిల్టర్ పొడిని డబరా గ్లాసుకే వదిలేయడం మేలు.

దుగ్గిరాల గుర్తుందా?

దుగ్గిరాల అనగానే పసుపు మార్కెట్ గుర్తొస్తుంది. కాఫీ గింజ కూడా పండని గుంటూరు జిల్లాలోని ఆ ఊరికి ప్రపంచ కాఫీ పటంలో చోటుందంటే నమ్మగలరా? అక్కడ సీసీఎల్ ప్రొడక్ట్స్ సంస్థ ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారం 1990ల్లో మొదలైంది. అక్కడ తయారైన పొడి రకరకాల పేర్లతో ఎన్నో దేశాల దుకాణాల్లోకి చేరుతుంది. ఆ దేశాల్లో కాఫీ గిలకొట్టి ఫొటోలు పెట్టినవాళ్లలో కొందరి సీసాలో పొడి గుంటూరు జిల్లాదే అయ్యుండొచ్చు!

పొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ఓసారి చూడాలి. మన దగ్గర దొరికే చాలా ఇన్‌స్టంట్ పొడుల్లో చికోరీ కలుపుతారు. నిబంధనల ప్రకారం చికోరీ 49 శాతానికి మించకూడదు, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. చికోరీ కలిసిన పొడితోనూ నురగ వస్తుంది. రుచి మాత్రం కాస్త మారుతుంది. చికోరీలో కెఫీన్ ఉండదు.

తొలిసారి చేస్తున్నారా?

ఇన్‌స్టంట్ కాఫీ పొడి, పంచదార, వేడినీళ్లు... మూడూ సమానంగా తీసుకోవాలి. లెక్కంతా ఇంతే. తొలిసారి చేసేవాళ్లు ఒక్కోటీ ఒక్కో టేబుల్‌స్పూను తీసుకుంటే సరి. రెండు గ్లాసులకి వస్తుంది. బాగా కుదిరితే మర్నాడు ఇంటిల్లిపాదికీ చేయొచ్చు.

ముందుగా పొడి, పంచదార గిన్నెలో వేసి, వేడినీళ్లు పోసి పలుకులు కరిగేదాకా కలపాలి. తరవాత గిలకొట్టాలి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరుగుతున్నట్టు అనిపించదు. నల్లటి ద్రవం, పైన సబ్బునురగలాంటి బుడగలు. సగంమంది ఇక్కడే చెంచా పడేస్తారు! ఆగకూడదు. ఇంకాసేపటికి రంగు మారుతుంది. తరవాత చెంచా కాస్త బరువుగా తిరుగుతుంది. గీత గీస్తే గీత నిలవాలి, చెంచాతో ఎత్తితే జారిపోకుండా ముద్దగా నిలబడాలి. అప్పుడు అయినట్టు. చెంచాతో అయితే పది, పదిహేను నిమిషాలు ఎటూ పోవు. కరెంటు బీటర్ ఉంటే మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మకావ్ హోటల్‌వాడి చేయి తిరిగిన చేయి. అతనికి 400 సార్లు సరిపోతుంది. కొత్తవాళ్లకి లెక్క వెయ్యి దాటినా ఆశ్చర్యం లేదు.

బీటర్ లేదా? మజ్జిగ కవ్వం ఉందిగా! లోతుగా, మూతి సన్నగా ఉన్న చెంబులో వేసి రెండు అరచేతుల మధ్యా కవ్వాన్ని తిప్పితే చెంచాకంటే వేగంగా నురగ పడుతుంది. కాకపోతే ఒక గ్లాసుకి సరిపడా వేస్తే సగం కవ్వానికే అంటుకుపోతుంది. నాలుగైదు గ్లాసులకి చేసేటప్పుడే కవ్వం తియ్యడం మంచిది. చింతపండు పులుసు వాసనో మజ్జిగ పులుపో లేకుండా ముందే శుభ్రంగా కడగాలని వేరే చెప్పాలా?

మిక్సీ మాత్రం వద్దు. ఇంత కొద్ది పదార్థం బ్లేడుకి అందదు. సీసాలో పోసి ఊపేవాళ్లూ ఉన్నారు. అలాగైతే మరిగే నీళ్లు కాక గోరువెచ్చటివే పోయాలి. వేడినీళ్లు పోసి మూత బిగించి ఊపితే లోపలి ఆవిరి మూతని తన్నేస్తుంది. చేతులూ మొహమూ కాల్చుకోవడం ఖాయం.

చివరిగా గ్లాసులో ముప్పావు వంతు కాచి చల్లార్చిన పాలు పోసి, ఇష్టమైతే ఐసుముక్కలు వేసి, పైన నురగ పెట్టాలి. ఫొటో తీసుకున్నాక కలుపుకుని తాగాలి. ఆ ఆఖరిమాట చాలా వీడియోల్లో ఉండదు. అందంగా ఉందని నురగనే చెంచాతో తిన్నవాళ్లు చేదుకి మొహం చిట్లించి, ‘దీనికోసమా ఇంత కష్టపడ్డాం’ అనుకున్నారు. పాలల్లో కలిస్తేనే దానికి రుచి.

వేడి కాఫీ లేనిదే పొద్దు గడవని నాన్నగారికి చల్లటి కాఫీ ఇస్తే ఏమంటారో తెలిసిందే. అలాంటివాళ్లకి నురగని కప్పులో వేసి మరిగే పాలు పోసి ఇస్తే చాలు. పాత పద్ధతే అయినా ‘ఇవాళ కాఫీ బాగుందే’ అన్న మాట వినొచ్చు.

ఎందుకు కుదరలేదంటే...

* ఎంత కొట్టినా నీళ్లలాగే ఉంటే: నీళ్లు ఎక్కువయ్యాయి. ‘కాస్త పల్చగా ఉంటే తొందరగా తిరుగుతుందిలే’ అని పోసిన ఆ ఒక్క చెంచానే కొంప ముంచుతుంది. మళ్లీ పొడి, పంచదార సమంగా కలిపి కొట్టాలి.
* పంటికి పలుకులు తగిలితే: పంచదార కరగలేదు. ముందే వేడినీళ్లలో పూర్తిగా కరగనివ్వాలి, లేదా పంచదార పొడి వాడాలి.
* నురగ వెంటనే కూలిపోతే: పంచదార బాగా తగ్గించి ఉంటారు. లేదా పాలు వేడిగా ఉన్నాయి.
* నురగ పాలల్లో మునిగిపోతే: ఇంకా కొట్టాలి. గాలి చాలినంత చేరితేనే అది తేలికై పైన తేలుతుంది.
* చేయి లాగేస్తుంటే: చేతులు మార్చుకోవాలి. ఇంట్లో నలుగురుంటే నలుగురూ తలా రెండు నిమిషాలు. మణికట్టు నొప్పి ఉన్న పెద్దవాళ్ల చేతికి చెంచా ఇవ్వొద్దు.

తియ్యటి మబ్బులో ఎంత చక్కెర?

ఫొటోలో కనిపించని సంగతొకటుంది. అందరూ చెప్పే కొలత రెండేసి టేబుల్‌స్పూన్లు. రెండు టేబుల్‌స్పూన్ల పంచదార అంటే సుమారు 25 గ్రాములు. మనం రోజు మొత్తంలో తినే ఆహారం నుంచి వచ్చే శక్తిలో అదనంగా కలిపిన చక్కెరల వాటా పదిశాతం లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అయిదు శాతానికి తగ్గితే ఇంకా మంచిదంది. ఆ అయిదుశాతం లెక్క పెద్దవాళ్లకి సుమారు 25 గ్రాములు. అంటే ఆ గిన్నెడు నురగా ఒక్కరే తాగేస్తే ఆ రోజు కోటా అక్కడితో సరి!

మధుమేహం ఉన్నవాళ్లు లేని ఇల్లు ఇవాళ అరుదు. మనవడు ముచ్చటపడి ఇచ్చాడని నాయనమ్మ కాదనలేక తాగేస్తుంది. ఆ ముచ్చట ఆమెకి చేటు కాకూడదు. ‘బెల్లం పొడి వేశాంలే’ అని సర్దిచెప్పుకునేవాళ్లూ ఉన్నారు. బెల్లంతో నురగ రావచ్చు కానీ, రక్తంలో చక్కెర పెరిగే విషయంలో బెల్లానికీ మినహాయింపు లేదు. తీపి మాత్రల పొడితో పాకంలాంటి చిక్కదనం రాదు, నురగ నిలవదు. నాయనమ్మకి తన మామూలు కాఫీయే ఇచ్చి, పైన చెంచాడు నురగతో ముచ్చట తీర్చడమే మంచిది.

ఇక కెఫీన్. స్వచ్ఛమైన ఇన్‌స్టంట్ కాఫీ పొడి గ్రాములో సుమారు 30 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రెండు టేబుల్‌స్పూన్ల పొడి తక్కువలో తక్కువ ఆరు గ్రాములు. అంటే 180 మిల్లీగ్రాముల పైమాటే. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించొద్దన్నాయి. భోజనానికి గంట ముందూ గంట తరవాతా కాఫీ, టీలు వద్దని కూడా చెప్పాయి. వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు ఎందరో ఉన్న మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. గర్భిణులు రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన మాట. చిన్నపిల్లలు గిలకొట్టడంలో సాయం చేయొచ్చు, తాగడంలో కాదు. వాళ్లకోసం పాలల్లో కాస్త కోకో పొడి కలిపిస్తే పేచీ ఉండదు. సాయంత్రం నాలుగు దాటాక ఈ ప్రయోగం పెట్టుకుంటే రాత్రి నిద్ర పట్టలేదని ఎవర్నీ అనక్కర్లేదు.

పేరొకటే... ప్రమాదం వేరు

2021 సెప్టెంబరులో ‘స్క్విడ్ గేమ్’ సీరియల్ వచ్చింది. అందులో డాల్గొనా మిఠాయి మీద అచ్చువేసిన గొడుగు, నక్షత్రం లాంటి బొమ్మని విరగకుండా సూదితో విడదీయాలి. ఇంకేం, మళ్లీ డాల్గొనా జ్వరం! ఈసారి కాఫీ కాదు, అసలు మిఠాయి. పేరు ఒకటే కావడంతో ఇదీ అంత తేలికే అనుకున్నారు. కానీ పోలికే లేదు. కాఫీకి వేడినీళ్లు చాలు. మిఠాయికి పంచదారని పాకం కట్టేదాకా కరిగించాలి. ఆ వేడి 150 డిగ్రీలు దాటిపోతుంది. మరిగే నీళ్లు ఒంటిమీద పడితే జారిపోతాయి. పాకం అలా కాదు, చర్మానికి అంటుకుపోయి ఇంకా కాలుస్తూనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆ ఏడాది ఇలా ఇంట్లో మిఠాయి చేయబోయి చేతులు కాల్చుకున్న పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు.

పొరపాటున కాలితే వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు నీళ్లు ధారగా పడనివ్వాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా... ఇవేవీ రాయకూడదు. అంటుకున్న పాకాన్ని లాగకూడదు. తరవాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అందుకే నెట్‌లో కొత్తది ఏది కనిపించినా చేసేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో నిప్పు, మరిగే నూనె, పాకం, బిగించిన మూత ఉన్నాయా? ఉంటే పెద్దవాళ్లు పక్కన ఉండాల్సిందే. కుదరకపోతే ఎంత వృథా అవుతుంది? మూడు చెంచాల పంచదారేనా, కిలో మైదానా? చివరిది, ఇది తినేవాళ్లెవరు... వాళ్లకి పడుతుందా? వీడియోని చివరిదాకా ఒకసారి చూసి, పక్కనే మరో ఇద్దరు చేసిన వీడియోలు కూడా చూస్తే ఎక్కడ తేడా కొడుతుందో తెలుస్తుంది. అరనిమిషం వీడియోలో నిజంగా ఎంతసేపు పట్టిందో కనపడదు. మధ్యలో కత్తిరించేసిన పావుగంటలోనే అసలు వంటంతా ఉంటుంది!

విమర్శలూ వచ్చాయి

లాక్‌డౌన్‌లో జనం ఇలా నురగల ఫొటోలు పెట్టుకుంటున్న రోజుల్లోనే, వలస కూలీలు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వందల కిలోమీటర్లు నడిచారు. ఇంకా ఈ వంటల వీడియోలు చాలవా, ఒక్కపూట తిండి దొరక్క అల్లాడుతున్నవాళ్ల గురించి కాస్త ఆలోచించండంటూ హైదరాబాదీ టెన్నిస్ తార సానియా మీర్జా 2020 ఏప్రిల్‌లో ట్విటర్‌లో నిలదీసింది. ఆ మాట చాలామందికి చురుక్కుమంది. కొందరు కోప్పడ్డారు కూడా.

రెండువైపులా నిజముంది. ఆకలితో ఉన్నవాడి ముందు అలంకరించిన గ్లాసు చూపించడం బాగుండదు. అలాగని, నాలుగు గోడల మధ్య దిగులుతో కూర్చున్నవాళ్లు ఓ పావుగంట చేతికి పని చెప్పుకుని, వార్తలు మర్చిపోయి, ఇంట్లో నలుగురూ గిన్నె చుట్టూ చేరడమూ తప్పుకాదు. తేడా ఫొటో దగ్గర వస్తుంది. ఇంట్లోవాళ్లకోసం చేశామా, చూసేవాళ్లకోసం చేశామా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

ఇంకో లెక్క కూడా తేలాల్సి ఉంది. చాలా ఇళ్లలో కాఫీ గిలకొట్టింది పిల్లలైనా, గట్టు మీద ఒలికిన జిగురు తుడిచింది, నాలుగు గిన్నెలు తోమింది అమ్మే. లాక్‌డౌన్‌లో పనిమనిషి కూడా రాని రోజులు. మూడు వస్తువుల వంట అన్నారు కానీ, ఆ నాలుగో వస్తువైన అమ్మ ఓపికని ఎవరూ లెక్కలో వేయలేదు.

ఇప్పుడు డాల్గొనా ఫొటోలు అంతగా కనిపించవు. దాని తరవాత ఎన్నో వచ్చాయి, ఇంకా వస్తూనే ఉంటాయి. అయితే ఆ వేసవిలో తొలిసారి గిన్నె పట్టుకుని, అక్కణ్నుంచి కుక్కర్లో కేకుకీ, జిలేబీకీ, ఆపైన పప్పూ కూరలకీ వెళ్లిన మగపిల్లలూ ఆడపిల్లలూ ఉన్నారు. ఎప్పుడూ చేసి పెట్టించుకోవడమే తెలిసినవాళ్లకి పావుగంట గిలకొడితేగానీ కాఫీ రాదన్న సంగతి చేతి నొప్పితో సహా తెలిసింది.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ ప్రయత్నించాలనుకుంటే ఆలస్యమెందుకు? ఒక్కో టేబుల్‌స్పూనుతోనే మొదలుపెట్టండి. ఒక్క షరతు... గిన్నెలు కడిగే పని మాత్రం తాగినవాళ్లదే!